కట్టు, బిగింపు, బద్ద: అనంతపురం మెట్టసీమలో సెలవునాటి నర్సు చేతిసంచి – దాని తెలుగు

వ్యాససంగ్రహం:
విధి ముగించుకొని ఇంటికి వెళ్లే నర్సుకు దారిలో ప్రమాదం ఎదురైతే ఆమె చేతిలో ఏముండాలి, నోట ఏ మాట ఉండాలి అన్నవి ఈ వ్యాసం పరిశీలించే రెండు ప్రశ్నలు. మొదటిది వైద్యానికి, రెండవది భాషకు సంబంధించినవిగా కనిపిస్తాయి. కాని రోడ్డు మీద ఆ రెండూ విడివిడిగా ఉండవు. అనంతపురం మెట్టసీమ నేపథ్యంగా ప్రథమచికిత్స సామగ్రిని, దానిని వాడే సందర్భంలో తెలుగు మాటలకు ఏర్పడే అర్థసందిగ్ధతను, సహాయకులకు చట్టం కల్పించిన రక్షణను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: ప్రథమచికిత్స, నర్సు, కట్టు, అర్థసందిగ్ధత, రాయలసీమ, అనంతపురం, పరోపకారి చట్టం.

1. ఉపోద్ఘాతం

నా చెల్లెలు నర్సు. కొన్నేళ్ల క్రితం రాత్రి విధి ముగించుకొని కల్యాణదుర్గం వైపు పల్లెవెలుగు బస్సులో వస్తుండగా, దారిలో కూలీల ఆటో ఒకటి బోల్తాపడి ఉంది. బస్సు ఆగింది. ఒక స్త్రీ ముంజేయి రేకు తగిలి లోతుగా తెగింది. నా చెల్లెలి సంచిలో అన్నం డబ్బా, నీళ్ల సీసా, ఫోన్ చార్జరు ఉన్నాయి. ఆస్పత్రిలో చేయి చాపితే అందే గాజుగుడ్డ అక్కడ లేదు. పక్కనున్న మనిషితో "అన్నా, గట్టిగా కట్టు కట్టు" అన్నది. అతడు క్షణం ఆలస్యం చేయకుండా జేబులోంచి పురికొస తీసి మోచేతికి పైన బిగించి కట్టాడు. నెత్తురు ఆగలేదు సరికదా, ఇంకా ఎక్కువగా కారింది. ఆమె ఆ కొసను తెంచి, తన చున్నీని మడిచి గాయం మీద పెట్టి రెండు చేతులతో అదిమి కూర్చుంది. ఆ స్త్రీ ఆస్పత్రికి చేరింది. ఆ తరువాతి సంగతి మాకు తెలియదు.

ఈ సంఘటనలో ఆ అన్న చేసిన తప్పు ఏదీ లేదు. అతడు విన్న మాటకు అతడికి తెలిసిన అర్థం అదే. తేలు కుట్టినా పాము కరిచినా పైన తాడు కట్టడం చూస్తూ పెరిగినవాడు "గట్టిగా కట్టు" అంటే మరేమి చేస్తాడు? తెలుగు పరిశోధకులకు వైద్యసామగ్రితో పనేమిటని అడిగేవారికి ఈ వ్యాసకర్త ఇచ్చే సమాధానం ఆ పురికొసే.

2. మెట్టసీమ – గాయాల స్వభావం

2022 ఏప్రిల్ 4న విభజన జరిగే వరకు అనంతపురం 19,130 చదరపు కిలోమీటర్ల వైశాల్యంతో ఆంధ్రప్రదేశ్‌లో అతిపెద్ద జిల్లా. సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. ఈ రెండు అంకెలకూ గాయాలతో సంబంధం ఉంది. మొదటిది ఆస్పత్రికి ఉన్న దూరాన్ని, రెండవది మనుషులు రోడ్డెక్కే కారణాన్ని చెబుతాయి. వేరుశనగ చేతికి రాని సంవత్సరం కూలీలు పొరుగు మండలాల పనులకు పోతారు. తెల్లవారుజామున ఒక ఆటోలో పది పన్నెండు మంది స్త్రీలు ఎక్కడం ఇక్కడ నిత్యదృశ్యం. 2022 జూన్ 30న తాడిమర్రి మండలం చిల్లకొండయ్యపల్లి వద్ద కూలీల ఆటోపై కరెంటు తీగ తెగిపడి మహిళలు సజీవదహనమైన ఘటన రాష్ట్రమంతటా కలకలం రేపింది. 2024 నవంబరులో గార్లదిన్నె మండలం తలగాసిపల్లి వద్ద కూలీల ఆటోను బస్సు ఢీకొన్న ప్రమాదం కూడా ఇలాంటిదే. కరువును మనం సాధారణంగా ఆకలితో, వలసతో కలిపి చదువుతాము. ప్రమాదవార్తల పుటలో కూడా కరువు ఉందని ఈ ఘటనలు గుర్తుచేస్తాయి.

గుత్తి, అనంతపురం, పెనుకొండల మీదుగా బెంగళూరుకు పోయే 44వ నంబరు జాతీయ రహదారి (పాత 7వ నంబరు) ఈ సీమకు వెన్నెముక. రైలుమార్గమూ నిరపాయమైనదేమీ కాదు. 2012 మే 22 తెల్లవారకముందే పెనుకొండ స్టేషనులో ఆగి ఉన్న గూడ్సు రైలును హంపి ఎక్స్‌ప్రెస్ ఢీకొట్టింది. ఇరవైమందికి పైగా మరణించారు. మరుసటి సంవత్సరం డిసెంబరు 28న కొత్తచెరువు సమీపంలో నాందేడ్ ఎక్స్‌ప్రెస్ బోగీ ఒకటి తగలబడింది. ఇటువంటి పెద్ద ప్రమాదాల్లో ఒక చేతిసంచి చేయగలిగింది చాలా తక్కువ. ఆ సంచి ఉద్దేశం వేరు: ఒక చేయి, ఒక తొడ, ఒక తల. అంటే ఒక మనిషి.

రోడ్డుకు దూరంగా జరిగేవి మరికొన్ని ఉన్నాయి. బోరుబావిలోంచి మోటారు పైకి లాగేటప్పుడు నలిగే వేళ్లు, కొడవలి గాట్లు, వేరుశనగ పీకేటప్పుడు పాముకాట్లు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగూ మన దేశంలో ప్రాణాంతకమైన కాట్లకు ప్రధాన కారణాలు. నర్సు సంచి గురించి మాట్లాడేటప్పుడు పాముకాటును వదిలిపెట్టడం ఈ సీమలో సాధ్యం కాదు. ఎందుకో నాలుగవ భాగంలో చూడవచ్చు.

3. సంచిలో ఉండవలసినవి, ఉండకూడనివి

మోయడానికి బరువనిపించే సంచిని మూడవ వారం నుంచి ఎవరూ మోయరు. కనుక అర కిలోకు మించకుండా, అన్నం డబ్బా పక్కన ఇమిడేంత ఉండాలన్నది మొదటి నియమం. అన్నింటికంటే పైన, చీకట్లో తడిమినా దొరికేచోట, రెండు జతల చేతితొడుగులు ఉండాలి. కామెర్లు, ఎచ్.ఐ.వి. వంటివి నెత్తురు ద్వారా సోకగలవని నర్సుకు ఎవరూ చెప్పనక్కరలేదు. అయినా రోడ్డు మీద ఆమె మొదట మరిచేది తన చేతులనే.

తరువాత శుభ్రమైన గాజుగుడ్డ. ఇది ఎంత ఉన్నా ఎక్కువ కాదు. దూది పనికిరాదు. దాని పోగులు గాయానికి అంటుకొని తరువాత శుభ్రం చేసేవారికి శ్రమ అవుతాయి. సాగే చుట్టుపట్టీలు రెండు, త్రికోణపు గుడ్డ ఒకటి, బట్టను ఒంటికి తగలకుండా కత్తిరించగల మొద్దుమొన కత్తెర, చిన్న టార్చి, నోటిద్వారా శ్వాస ఇవ్వడానికి వాడే ముసుగు, వంట్లో వేడి పోకుండా కప్పే పలుచని రేకుదుప్పటి, చెరగని సిరా కలం. మండువేసవిలో రేకుదుప్పటి ఎందుకని నవ్వు రావచ్చు. బాగా నెత్తురు పోయిన మనిషి ఎండలో కూడా చల్లబడతాడు. చల్లబడిన నెత్తురు సరిగా గడ్డకట్టదు. అందుకే ఆ దుప్పటి.

టూర్నికెట్ గురించి కొంచెం విడిగా చెప్పాలి. నర్సులందరికీ ఈ మాట పరిచితమే. అయితే వారు రోజూ వాడేది సూది గుచ్చే ముందు మోచేతి పైన కట్టే సన్నని రబ్బరు పట్టీ. అది సిరలను మాత్రమే నొక్కుతుంది. ధమనిలో ప్రవాహాన్ని ఆపలేదు. ప్రాణం కాపాడే టూర్నికెట్ వెడల్పైన పట్టీ. దానికి తిప్పి బిగించే పుల్ల ఉంటుంది. గాయానికి గుండెవైపు రెండు మూడు అంగుళాల ఎగువన, కీలు మీద కాకుండా కట్టాలి. చిమ్మే నెత్తురు పూర్తిగా ఆగే వరకు తిప్పాలి. నొప్పికి మనిషి కేకలు పెడతాడు. అయినా వదలకూడదు, మధ్యమధ్య సడలించి చూడకూడదు. అమెరికాలో 2012 నాటి శాండీహుక్ పాఠశాల కాల్పుల తరువాత వైద్యనిపుణులు రూపొందించిన సూచనల నుంచి, 2015లో సామాన్యులకు నెత్తురు ఆపడం నేర్పే ఉద్యమం మొదలైంది. అంతకుముందు టూర్నికెట్ అంటే అవయవం పోతుందన్న భయమే ఎక్కువ. యుద్ధరంగ అనుభవం ఆ భయాన్ని చాలావరకు తగ్గించింది. సరైన పట్టీ లేనప్పుడు నాలుగు వేళ్ల వెడల్పున మడిచిన తువ్వాలు, గట్టి పుల్ల చివరి ఉపాయం. పురికొస, ఇనుపతీగ, చెప్పుల పట్టీ మాత్రం ఎన్నడూ వద్దు. సన్ననిది చర్మాన్ని కోస్తుంది, సిరను మూస్తుంది, ధమనిని మూయదు. లోపలికి వచ్చే నెత్తురు వస్తూనే ఉంటుంది, తిరిగి పోయే దారి మూసుకుపోతుంది. పురికొస కట్టాక నెత్తురు ఎందుకు పెరిగిందో దీనివల్ల అర్థమవుతుంది.

గజ్జ, చంక, మెడ దగ్గర టూర్నికెట్ పట్టదు. మెడమీద దేనినీ చుట్టి బిగించకూడదు, నెత్తురు వచ్చేచోట చేత్తో అదమడమే మార్గం. గజ్జలో, చంకలో మాత్రం గాజుగుడ్డను గాయం లోపలికి వేలితో కూరి, పైనుంచి అదిమి పట్టాలి. గోనెసంచిలో కాయలు దట్టించినట్లు, సందు లేకుండా. ఎక్కడ అదిమినా కనీసం పది నిమిషాలు ఎత్తి చూడకుండా ఉండడం ముఖ్యం. "ఆగిందేమో చూద్దాం" అన్న కుతూహలం కట్టుకుంటున్న గడ్డను చెదరగొడుతుంది.

ఇక ఉండకూడనివి. సూదిమందులు వద్దు. వైద్యుని సూచన లేకుండా సూది వేయడం నర్సుకు వృత్తిరీత్యా ఇబ్బంది. అంతకుమించి, ధనుర్వాతపు టీకా 2 నుంచి 8 డిగ్రీల చలిలో నిలవ ఉండవలసినది. ఇక్కడి ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి, స్కూటరు సీటు కింది అర ఇంకా వేడెక్కుతుంది. ఆ వేడికి అంటుపట్టీల జిగురు కారిపోతుంది, చేతితొడుగులు పెళుసుబారుతాయి. కనుక సామగ్రిని వాహనంలో వదిలేయక సంచిలో వెంట ఉంచుకోవడం, ప్రతి ఉగాదికి ఒకసారి విప్పి చూడడం మంచిది. ఉగాది అనడానికి శాస్త్రీయ కారణం లేదు. ఎండలు ముదిరే ముందు వచ్చే పండుగ, మరిచిపోరు.

4. 'కట్టు' – ఒక మాట, మూడు పనులు

తెలుగులో 'కట్టు' క్రియగానూ నామంగానూ విస్తృతార్థం గలది. ఇల్లు కట్టడం, తాళి కట్టడం, గట్టు కట్టడం, పాలు తోడుకొని గడ్డ కట్టడం. వైద్యసందర్భంలో ఈ ఒక్క మాటే మూడు భిన్నమైన, కొన్నిసార్లు పరస్పరవిరుద్ధమైన పనులను సూచిస్తున్నది.

మొదటిది గాయం మీద గుడ్డ చుట్టడం. రెండవది గాయానికి ఎగువన బిగించడం. మూడవది విరిగిన ఎముకకు బద్దలు వేసి కదలకుండా చేయడం. ఈ మూడవ అర్థానికి రాయలసీమలో సుప్రసిద్ధమైన పేరు పుత్తూరు కట్టు. ఉమ్మడి చిత్తూరు జిల్లాకు చెందిన పుత్తూరు పరిసరాల్లో తరతరాలుగా సాగుతున్న ఈ ఎముకల వైద్యంలో ఆకుపసరు, కోడిగుడ్డు, వెదురుబద్దలు వాడతారు. ఎముక విరిగితే నేరుగా పుత్తూరుకు బండి కట్టే కుటుంబాలు అనంతపురంలో ఇప్పటికీ ఉన్నాయి. దీనిని మూఢత్వమని కొట్టిపారేయడం సులభం. కాని విరిగినచోటుకు పైనా కిందా ఉన్న కీళ్లను కదలకుండా బద్ద వేయాలన్న సూత్రం నర్సింగు పాఠ్యపుస్తకానిది కూడా. నర్సు రోడ్డు మీద వెదురుబద్ద, మడిచిన దినపత్రిక, గొడుగు కట్టెలతో చేసేదీ అదే. తేడా వచ్చేది చర్మం చీల్చుకొని ఎముక బయటపడినప్పుడు. ఆ గాయానికి పసరు పూసి మూసి కడితే చీము పట్టి అవయవానికే ముప్పు. "పుత్తూరుకు పోవద్దు" అనేకంటే "ముందు పెద్దాస్పత్రి, ఎముక బయటికి కనబడుతోంది" అన్న మాట వినబడుతుంది.

రెండవ అర్థం ప్రమాదకరమైనది. నెత్తురు చిమ్మేచోట ప్రాణం కాపాడే బిగింపు, పాము కరిచినచోట హాని చేస్తుంది. పాముకాటుకు పైన బిగించి కడితే విషం అక్కడే నిలిచి కండను చెడగొట్టవచ్చు. విప్పిన క్షణాన ఒక్కసారిగా ఒళ్లంతా పాకవచ్చు. కరిచిన చేతిని, కాలిని బద్దతో కదలకుండా ఉంచి, ఉంగరాలు, కాలి కడియాలు తీసి, నడవనీయకుండా విరుగుడు మందు ఉన్న ఆస్పత్రికి చేర్చడమే చేయవలసింది. కోయడం, పీల్చడం కూడదు. అంటే ఒకే నర్సు ఒకే ఊరిలో ఒకరోజు "కట్టండి" అనీ, మరొకరోజు "కట్టొద్దు" అనీ చెప్పవలసి వస్తుంది. వినేవారికి ఆమె మాట మార్చినట్లనిపిస్తే ఆశ్చర్యం లేదు.

ఈ వ్యాసకర్త ప్రతిపాదన ఇది: శిక్షణలోనే మూడింటికీ మూడు పేర్లు స్థిరపరచాలి. గాయం మీది గుడ్డకు 'కట్టు', ఎగువన బిగించే పట్టీకి 'బిగింపు', ఎముకకు వేసేదానికి 'బద్ద'. ఇవి కొత్తగా సృష్టించినవి కావు, ప్రతి ఇంటా ఉన్నవే. 'రక్తస్రావ నిరోధక పట్టిక' వంటి సమాసాన్ని తయారుచేయడం మన బోటివారికి ఇష్టమైన పని. రోడ్డు మీద దానిని ఉచ్చరించేలోపు పని ముగిసిపోతుంది.

5. షాక్, నీళ్లు, ఘడియ

నెత్తురు పోయి నాడి వేగమై, చర్మం చల్లబడి, చెమటపట్టి, మనిషి తడబడే స్థితిని వైద్యులు షాక్ అంటారు. తెలుగునాట షాక్ అంటే కరెంటు. "ఈయన షాక్‌లో ఉన్నాడు" అని నర్సు అంటే చుట్టూ ఉన్నవారు వెనక్కి తగ్గే అవకాశం ఉంది. ముట్టుకోవడానికే జంకుతారు. చిల్లకొండయ్యపల్లి వంటి ఘటన విన్న సీమలో ఆ జంకు సమంజసం కూడా. నిజంగా తీగ తెగినచోట సరఫరా ఆపే వరకు ఎవరూ ముట్టుకోకూడదు. కాని నెత్తురు పోయిన మనిషి విషయంలో "ఒళ్లు చల్లబడుతోంది" అనే మాట ఉంది. అది లక్షణాన్ని చెబుతుంది, తీవ్రతను చెబుతుంది, చేయవలసిన పనినీ (కప్పడం) చెబుతుంది. ఇంతకన్నా మంచి పారిభాషికపదం నాకు దొరకలేదు.

నీళ్ల సంగతి ఇంకా సున్నితమైనది. కరువుసీమలో పడిపోయిన మనిషి నోట్లో నీళ్లు పోయడం ధర్మం. పోయవద్దనడం క్రూరంగా వినబడుతుంది. చివరిఘడియలో నీళ్లు అందలేదన్న మాట ఆ కుటుంబాన్ని ఏళ్ల తరబడి వెంటాడుతుంది. అయితే స్పృహ సరిగా లేని మనిషికి నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, శస్త్రచికిత్సకు మత్తు ఇచ్చేటప్పుడు నిండిన కడుపు ప్రమాదం. ఈ కారణాన్ని పాఠంలా వివరించే సమయం ఉండదు. "పొలమారుతుంది, పెదాలు మాత్రం తడుపు" అంటే చాలు. పొలమారడం ప్రతి తల్లికీ తెలిసిన మాట. తడి గుడ్డతో పెదాలు తుడిచే పని ఒకరికి అప్పగిస్తే నీళ్లు ఇవ్వలేదన్న బాధా ఉండదు.

పత్రికల్లో 'బంగారు ఘడియ' అని కనిపించేది ప్రమాదం తరువాతి మొదటి గంట. 2019 నాటి సవరణ ద్వారా మోటారు వాహనాల చట్టంలో దీనికి నిర్వచనమే చేరింది: గాయపడిన తరువాతి ఒక గంట. మన సంప్రదాయ కాలమానంలో ఘడియ అంటే 24 నిమిషాలు, గంటకు రెండున్నర ఘడియలు. అనువాదకుడు తెలియకుండానే గంటను సగానికి పైగా కుదించాడు. తొడలోని ధమని తెగినవాడికి ఆ 24 నిమిషాలు కూడా ఉండవు, కొద్ది నిమిషాలే. అనంతపురం నుంచి కల్యాణదుర్గం సుమారు 60 కిలోమీటర్లు. 2005 ఆగస్టు 15న ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన 108 సేవ ఎంత త్వరగా వచ్చినా, ఆ కొద్ది నిమిషాలు దగ్గరున్న మనిషివే.

6. చట్టం ఇచ్చినది, ఇవ్వనిది

సహాయం చేస్తే పోలీసుస్టేషన్ల చుట్టూ తిరగాలన్న భయం నర్సులకూ ఉంది. కేంద్రప్రభుత్వం 2015 మే 12న జారీచేసిన మార్గదర్శకాలకు 2016 మార్చి 30న సుప్రీంకోర్టు చట్టబద్ధత కల్పించింది. 2019 సవరణలో చేరిన 134ఎ విభాగం ప్రకారం సద్భావంతో, స్వచ్ఛందంగా, ప్రతిఫలాపేక్ష లేకుండా ప్రమాదస్థలిలో వైద్యసహాయం గాని, ఇతర సహాయం గాని చేసినవారిపై బాధితుని మరణానికీ గాయానికీ సివిల్, క్రిమినల్ బాధ్యత ఉండదు. 'వైద్యసహాయం' అన్న మాట ఉంది గనుక సెలవులో ఉన్న నర్సుకు ఇది వర్తిస్తుందని గ్రహించవచ్చు. పేరు, చిరునామా చెప్పమని ఆమెను బలవంతపెట్టకూడదు. అయితే ఇది మోటారు వాహన ప్రమాదాలకే. పొలంలో పాముకాటుకు, బావిలో పడినవానికి ఈ విభాగం రాదు. అక్కడ మేలు కోరి, సమ్మతి తీసుకునే వీలులేని స్థితిలో చేసిన పనికి భారతీయ న్యాయ సంహిత 30వ విభాగం (పాత శిక్షాస్మృతిలో 92) ఇచ్చే సాధారణ రక్షణే ఆధారం.

ఈ చట్టం ఆంగ్లంలో వాడిన పేరు లూకా సువార్తలోని మంచి సమరయుని కథనుంచి వచ్చింది. కథను జాగ్రత్తగా చదివితే ఆ సమరయుడు నూనె, ద్రాక్షారసం గాయాలపై పోసి కట్టు కట్టాడని ఉంటుంది. అంటే దారిలో అతని దగ్గర సామగ్రి ఉంది! గాయంలో నూనె పోయడాన్ని ఇప్పుడెవరూ సమర్థించరు, పసుపు, కాఫీపొడి, సున్నం విషయంలో చెప్పేదీ అదే. కాని వెంట ఏదో ఉంచుకొని ప్రయాణించాడన్నది గమనించదగినది.

చట్టం నర్సుకు రక్షణ ఇచ్చింది, విధి మోపలేదు. ఈ తేడాను సమాజం గుర్తించడం లేదు. "నర్సువు కదా, చూడు" అనే గుంపు, ఆమె పన్నెండు గంటలు నిలబడి వస్తున్నదని, ఒంటరిగా ఉన్నదని, రోడ్డు మీద చీకటి అని ఆలోచించదు. గాయపడినవాడు మరణిస్తే మొదటి నింద చేయి వేసినవారిమీదే పడుతుంది. నా అభిప్రాయంలో ఈ సంచిని నర్సు జీతంలోంచి కొనమనడం అన్యాయం. మంచి టూర్నికెట్ చౌక కాదు, చౌకవి బిగించేటప్పుడు పుల్ల విరుగుతాయి. నర్సులను పనిలోకి తీసుకునే సంస్థలు గుర్తింపుకార్డుతోపాటు దీనినీ ఇవ్వాలి. ఆగడమా, సాగిపోవడమా అన్న నిర్ణయం మాత్రం ఆమెదిగానే ఉండాలి. ఆగకుండా బస్సులోంచే 108కి, జాతీయ రహదారి అయితే 1033కి కిలోమీటరు రాయి అంకె చెప్పడం కూడా సహాయమే.

7. ఆజ్ఞార్థకం, సంబోధన

ఆస్పత్రిలో నర్సు మాట కురుచగా, సగం ఆంగ్లంలో ఉంటుంది. ప్రభుత్వ కరపత్రాల తెలుగు దీనికి వ్యతిరేకదిశలో, "గాయముపై ఒత్తిడి కలుగజేయవలెను" అన్న ధోరణిలో సాగుతుంది. కలుగజేయవలసినది ఎవరు? ఆ వాక్యంలో కర్త లేడు. ప్రమాదస్థలిలోనూ లేడు. "ఎవరైనా ఫోన్ చేయండి" అంటే అందరూ ఒకరి ముఖాలొకరు చూసుకుంటారు. "ఎర్రచొక్కా అన్నా, నువ్వు 108కి చెయ్యి. యక్కా, నువ్వు ఈ గుడ్డ మీద అదిమి పట్టు, నేను చెప్పేదాకా తీయొద్దు" అంటే ఇద్దరు కదులుతారు. అనంతపురంలో 'అన్నా', 'యక్కా', 'పెద్దాయనా' అన్న సంబోధనలు అపరిచితుణ్ణి క్షణంలో బంధువును చేస్తాయి. ఆ బంధుత్వంలో ఏకవచనపు ఆజ్ఞ అమర్యాద కాదు. ఎంతో చిన్న వయసు నర్సు కూడా పెద్దమనిషిని ఆజ్ఞాపించగల వ్యాకరణం ఇదొక్కటే.

108 వచ్చాక అప్పగింత మాట వేరుగా ఉంటుంది. అక్కడ వృత్తిభాష సరైనది: ఎన్ని గంటలకు ప్రమాదం, ఎక్కడ నెత్తురు, ఏ కాలికి ఎప్పుడు బిగింపు, స్పృహ ఎలా ఉంది. బిగింపు వేసిన వేళను పట్టీ మీద, చెరిగిపోతే నుదుటి మీద, చెరగని సిరాతో రాయాలి. ఉదయమో సాయంత్రమో కూడా తెలిసేలా 19.40 అని రాస్తే, రెండు గంటల తరువాత వేరే ఊరి ఆస్పత్రిలో ఆ పట్టీ విప్పబోయే వైద్యుడు మరెవరినీ అడగకుండా చదువుకోగలడు.